మంగళవార్త బొమ్మలో దూత లేకపోయినా పర్వాలేదా?

పాతపెన్ను: యేసుకు తల్లివి కాబోతున్నావని గబ్రియేలు దూత మరియకు చెప్పిన ఘట్టమే మంగళవార్త. దాన్ని చిత్రకారుడు హెన్రీ ఒసావా టానర్ 1898లో గీశాడు. దూత రూపమే లేదు. గదిలో నిలువుగా ఓ వెలుగు చార, అంతే. మరియేమో అప్పుడే నిద్ర లేచిన పిల్లలా నలిగిన పడక అంచున కూర్చుంది. బొమ్మ బాగుందండీ, కాదనను. కానీ దూతే లేకపోతే వార్త చెప్పిందెవరు? ఊహకైనా ఓ హద్దుండాలి కదా.

రంగులపెట్టె: దూతను మనిషి ఆకారంలో, రెక్కలతో చూడటం మనకు అలవాటైపోయింది. బైబిల్లో లూకా సువార్త మొదటి అధ్యాయం తీయండి. అక్కడ రెక్కల్లేవు, లిల్లీ పువ్వు లేదు, మరియ చేతిలో పుస్తకమూ లేదు. అన్నీ చిత్రకారులు చేర్చినవే. టానర్ మాత్రం వాటి జోలికి పోలేదు. బిషప్ కొడుకు, ముందటేడే పాలస్తీనా చూసొచ్చాడు. ఆ మరియ అంగీ కిందనుంచి బయటపడ్డ కాలివేళ్లు చూశారా?

నిదానం: రెక్కలు పోతే పోనీండి. ఆంగ్ల చిత్రకారుడు, కవి రొసెట్టి 1850లో ప్రదర్శించిన మంగళవార్త బొమ్మలో దూతకూ రెక్కల్లేవు, పాదాల దగ్గర మంటలున్నాయి. నా పేచీ అందులోని మరియతో. మంచం మీద గోడకు ఒదిగిపోయింది. లిల్లీ కాడ కత్తిలా ఆమె వైపే తిరిగి ఉంది. “నీ మాట చొప్పున నాకు జరుగును గాక” అన్న మనిషి ఈమేనా?

రంగులపెట్టె: ఆ మాట 38వ వచనం. 29లో “ఆమె ఆ మాటకు బహుగా తొందరపడి” అని ఉంది. తొందరంటే ఇక్కడ హడావిడి కాదు, కలవరం. రొసెట్టి గీసింది ఆ క్షణాన్ని.

నిదానం: గీసి అక్కడే ఆగిపోయాడు, అదే నా బాధ. 1849లో తను గీసిన మరియ బాల్యం బొమ్మకు సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) రాసిందీ ఆయనే. అందులో మరియ తెల్లటి పడకలో మేలుకుంటుంది, భయమన్నదే లేదు, అయినా పొద్దెక్కేదాకా ఏడుస్తుంది. భయం లేదు, ఏడుపుంది! ఆ రెండింటినీ పద్యం మోసింది. మంగళవార్త బొమ్మలో కలవరమొకటే మిగిలింది.

పాతపెన్ను: మీ ఇద్దరి పుణ్యమా అని టానర్ బొమ్మ మళ్లీ పెద్దది చేసి చూశాను. చేతులు ఒళ్లో ముడుచుకుని, తల కాస్త వంచి వెలుగుకేసే చూస్తోంది. కలవరం ఉంది, పారిపోయే చూపు కాదు. దూత గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. హద్దు మాత్రం వదలను. “యిది యేలాగు జరుగును” అని ఆమె అడిగింది చూడండి, ఆ ప్రశ్న ముఖంలో కనబడాలి. టానర్ మరియలో నాకు కనబడింది, రొసెట్టి మరియలో ఇంకా వెతుకుతున్నా.