కిడ్నీ జబ్బు ఉన్న నాన్నకు ఆల్కలైన్ వాటర్ మెషీన్ కొనమంటున్నారు. కొనాలా?

కవిటి ఆడపడుచు, బరంపురం:

అందరికీ నమస్కారం. నా పుట్టిల్లు ఉద్దానంలో కవిటి దగ్గర. పెళ్ళయి ఇరవై రెండేళ్ళుగా బరంపురంలో ఉంటున్నాను. ఇంట్లోనే అప్పడాలు చేసి దుకాణాలకు వేస్తాను. మా నాన్నకు 71 ఏళ్ళు. కిడ్నీ జబ్బని తెలిసి నాలుగేళ్ళయింది. అమ్మ పోయాక ఊళ్ళో ఒక్కడినీ ఉంచలేక నా దగ్గరికి తెచ్చేసుకున్నాను. పోయిన నెల రిపోర్టులో క్రియాటినిన్ 3.8, బైకార్బనేట్ 17. డయాలసిస్ ఇంకా మొదలవలేదు. డాక్టరు గారు సోడియం బైకార్బనేట్ మాత్ర, 500ది, మూడు పూటలా వేసుకోమన్నారు. కాళ్ళకు వాపులు వస్తున్నాయని నీళ్ళు, టీ, మజ్జిగ అన్నీ కలిపి రోజుకు లీటరుంపావు దాటొద్దన్నారు. పొటాషియం ఎక్కువని కొబ్బరి నీళ్ళు కూడా వద్దన్నారు. కొబ్బరి తోటలోనే బతుకంతా గడిపిన మనిషికి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు విషయం ఏమిటంటే, మా ఆయన పినతల్లి కొడుకు, నాకు మరిది వరస, ఆల్కలైన్ వాటర్ మెషీన్లు అమ్ముతున్నాడు. పోయిన ఆదివారం మెషీన్ తెచ్చి మా వంటింట్లోనే పెట్టి చూపించాడు. బజారులో కొన్న బాటిల్ నీళ్ళలో ఏవో చుక్కలు వేస్తే పసుపు పచ్చగా అయ్యాయి. మెషీన్ నీళ్ళలో వేస్తే ఊదా రంగు. "చూశావా వదినా, మనం తాగేదంతా యాసిడ్" అన్నాడు. పీహెచ్ 9.5 నీళ్ళు రోజుకు మూడు లీటర్లు తాగిస్తే రక్తంలో ఆమ్లం పోతుందట, మూడు నెలల్లో క్రియాటినిన్ దిగుతుందట. ఉద్దానంలో అందరి కిడ్నీలూ పాడైంది నీళ్ళ వల్లే కాబట్టి నీళ్ళతోనే బాగవుతాయట. ధర లక్షా డెబ్భై వేలు. కింద ఇంకో ఇద్దరిని చేర్పిస్తే కమిషన్ వస్తుందని కూడా చెప్పాడు.

నాకు చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతావన్నీ పక్కన పెట్టినా ఒక మాట మాత్రం నన్ను పట్టుకుంది. "డాక్టరు ఇచ్చేది మాత్రం ఏమిటి వదినా? సోడా మాత్రే కదా. అదీ క్షారమే, ఇదీ క్షారమే. మాత్ర బదులు నీళ్ళు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నాన్న ఆ రాత్రే "తోటలో మూల ముక్క అమ్మేద్దామమ్మా" అన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

---

రాయగడ రైల్వే కాలనీ:

చెల్లెమ్మా, నేను ఇలాంటి మెషీన్ రెండేళ్ళుగా వాడుతున్నాను. నాకు గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉండేవి, చాలా తగ్గాయి. మలబద్ధకం కూడా తగ్గింది. జపాన్‌లో కడుపు ఇబ్బందులకు ఈ రకం మెషీన్లను ప్రభుత్వమే వైద్య పరికరాలుగా ఒప్పుకుంది. కాబట్టి అంతా మోసం అనడం సరికాదని నా అనుభవం. కిడ్నీ సంగతి నాకు తెలియదు, దాని గురించి చెప్పను.

---

మహేంద్రతనయ, పర్లాకిమిడి:

అమ్మా, నేను తాగునీటి పరీక్షా కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. డాక్టరును కాను, మీ నాన్నగారి వైద్యం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. కానీ మీ మరిది అన్న ఆ ఒక్క మాటకు జవాబు చెప్పగలను, ఎందుకంటే అది లెక్క. అందరూ ఆ లెక్క దగ్గరే మోసపోతున్నారు.

మీ మరిది చెప్పిన దానిలో నిజం కొంత ఉంది. అందుకే అది మిమ్మల్ని పట్టుకుంది. మనం తిన్న తిండి నుంచి రోజూ కొంత ఆమ్లం తయారవుతుంది. దాన్ని బయటికి పంపే పని కిడ్నీలది. అవి బలహీనపడితే ఆమ్లం నిలిచిపోయి, దాన్ని అణిచే క్షారం, అంటే బైకార్బనేట్, రక్తంలో తగ్గుతుంది. 22 పైన ఉండాల్సింది మీ నాన్నగారికి 17 ఉంది. ఆ లోటు పూడ్చడానికే డాక్టరు సోడా మాత్ర ఇచ్చారు. అంటే కిడ్నీలు బలహీనపడితే ఆమ్లం నిలిచింది. మీ మరిది దాన్ని తిరగేసి, ఆమ్లం తీసేస్తే కిడ్నీలు బాగవుతాయని చెప్పాడు.

ఇప్పుడు ఎంత క్షారం అన్నది చూద్దాం. 500 మిల్లీగ్రాముల మాత్రలో దాదాపు 6 మిల్లీమోళ్ళ బైకార్బనేట్ ఉంటుంది. మిల్లీమోల్ అంటే ఏమిటో తెలియకపోయినా ఫర్వాలేదు, తూకం రాళ్ళు అనుకోండి. మాత్రలో ఆరు రాళ్ళు. పీహెచ్ 9.5 అంటే లీటరు నీళ్ళలో ఉన్న క్షారం, అంటే హైడ్రాక్సైడ్, 0.03 మిల్లీమోల్. రాయిలో నూటికి మూడు వంతులు. ఆ లెక్కన ఒక్క మాత్రకు సరితూగాలంటే సుమారు 190 లీటర్ల నీళ్ళు కావాలి. అంకె పెద్దదిగా కనిపిస్తుంది కానీ దాని వెనక సరుకు లేదు. పీహెచ్ అనేది క్షారం ఎంత ఘాటుగా ఉందో చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. అగ్గిపుల్ల మంటా పొయ్యి మంటా రెండూ చెయ్యి కాలుస్తాయి, అన్నం ఉడికేది మాత్రం పొయ్యి మీదే.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. కుళాయి, బోరు నీళ్ళలో బైకార్బనేట్ ముందే ఉంటుంది. అలాంటి నీళ్ళను మెషీన్‌లో పోస్తే నేను చెప్పిన హైడ్రాక్సైడ్ కంటే ఇంకొంచెం ఎక్కువ క్షారం చేరుతుంది. అయినా ఒక్క మాత్రకు సాటి రావాలంటే లీటర్ల కొద్దీ తాగాలి. మీ నాన్నగారికి రోజంతా కలిపి ఉన్నది లీటరుంపావు. అందుకే డాక్టరు మాత్ర ఇచ్చారు. అందులో నీరు లేదు, క్షారం మాత్రమే ఉంది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు సంగతి ఇంకా తేలిక. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యే ఉంటుంది, దాన్ని ఊపిరితిత్తులు, కిడ్నీలు క్షణక్షణం కాపాడతాయి. తాగిన నీళ్ళు ముందు పడేది కడుపులోని ఆమ్లంలో. అక్కడ పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. పీహెచ్‌లో ఒక్కో మెట్టూ పది రెట్లు కాబట్టి, 9.5 నీళ్ళలో హైడ్రాక్సైడ్ ఒక లీటరుకు ఎంతుందో, దాన్ని అణచడానికి మూడు మిల్లీలీటర్ల కడుపు రసం చాలు. అర చెంచాకు కాస్త ఎక్కువ.

చుక్కల సంగతి. మీకు ఇంట్లోనే అర్థమయ్యేట్టు చెబుతాను. పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం కలిపితే ఎర్రబడతాయి కదా, దిష్టి తీసే నీళ్ళు. సున్నం క్షారం, పసుపు దాన్ని చూసి రంగు మారుస్తుంది. ఆయన సీసాలో చుక్కలు చేసిందీ అదే పని. నీళ్ళ పీహెచ్ ఏ వైపు ఉందో ఆ రంగు చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఉందా, నైట్రేట్ ఉందా, క్రిములున్నాయా అన్నది చెప్పదు. పైగా మన దేశపు తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలంటుంది. పసుపు పచ్చగా మారిన బాటిల్ నీళ్ళు ఆ హద్దులోనే ఉండి ఉండొచ్చు, 9.5 నీళ్ళు మాత్రం కచ్చితంగా హద్దు దాటినవే.

ఉద్దానం మాట. ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదమ్మా. నీళ్ళు, ఎండలో పని, పురుగుమందులు, వంశం, ఎన్నో వెతికారు, వెతుకుతూనే ఉన్నారు. కారణమే తేలని జబ్బుకు, ఆ ఊళ్ళ దుఃఖం చూపించి మెషీన్ అమ్మడం నాకు చాలా కోపం తెప్పిస్తోంది. మా చెల్లెలిని ఇచ్చింది సోంపేట. ఆ ఇళ్ళలో ఏముందో నాకు తెలుసు.

ఆమ్లం వల్లే క్యాన్సర్ వస్తుందని నోబెల్ గ్రహీతే చెప్పాడని మీ మరిది కరపత్రంలో ఉండే ఉంటుంది. 1931లో నోబెల్ అందుకున్న ఆటో వార్‌బర్గ్ చూపింది క్యాన్సర్ కణాలు చక్కెరను పులియబెట్టి ఆమ్లం తయారు చేస్తాయని. ఆమ్లం ఆ కణాల నుంచి వచ్చేది. క్షారపు నీళ్ళు తాగమని ఆయన చెప్పలేదు. ఒంట్లో ఆమ్లమే సర్వరోగాలకు మూలం అని ఊరూరా ప్రచారం చేసిన అమెరికా మనిషి రాబర్ట్ యంగ్ లైసెన్సు లేకుండా వైద్యం చేసినందుకు 2016లో అక్కడి కోర్టులో దోషిగా తేలాడు.

రాయగడ బాబూ, మీకు ఉపశమనం వచ్చిందంటే నేను కాదనను. కడుపులోంచి గొంతులోకి ఎగదన్నే పెప్సిన్ అనే జీర్ణరసం పీహెచ్ 8.8 నీళ్ళలో పనిచేయకుండా పోయిందని 2012లో ఒక ప్రయోగం వచ్చింది, కానీ అది గాజు గొట్టాల్లో చేసింది. కిడ్నీ సంగతి తెలియదని మీరే విడిగా చెప్పారు, అది మంచి పని.

---

జయపురం సిస్టర్:

కవిటి అక్కా, నేను డయాలసిస్ వార్డులో నర్సుని. సూటిగా చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు. మెషీన్ కొన్నా కొనకపోయినా ఫర్వాలేదు, డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. కానీ రోజుకు మూడు లీటర్లు మాత్రం తాగించకండి. వాపులున్న కిడ్నీ పేషెంటుకు ఆ నీళ్ళు బయటికి పోవు, ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునే స్థితిలో ఆటోలో తెస్తారు. ఎవరో ఏదో కషాయం బాగా తాగమన్నారని, నీళ్ళు బాగా తాగమన్నారని తాగి వచ్చినవాళ్ళను నా చేతులతో ఆక్సిజన్ పెట్టి కూర్చోబెట్టాను. రెండోది, సోడా మాత్ర ఆపొద్దు. ఆపాలన్నా పెంచాలన్నా డాక్టరే చెప్పాలి. మూడోది, ఆ మెషీన్‌తో వచ్చే పుస్తకం అడిగి తీసుకుని హెచ్చరికల పేజీ చదవండి. జపాన్‌లో అమ్మే వాటి మీద కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు హెచ్చరిక ఉంటుంది.

---

కవిటి ఆడపడుచు, బరంపురం:

మాస్టారూ, మీరు రాసింది నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను. తూకం రాళ్ళ దగ్గర ఆగమన్నారు. ఇన్నేళ్ళు కొబ్బరికాయలు లెక్కపెట్టి అమ్మిన మనిషి కదా, ఆయనకు నాకంటే ముందే అర్థమైంది. "నూట తొంభై లీటర్లా" అని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తోట మాట మళ్ళీ ఎత్తలేదు.

సిస్టర్ గారూ, మరిదికి ఫోన్ చేసి పుస్తకం ఫోటోలు పంపమన్నాను. ముందు అవసరం లేదన్నాడు. పట్టుబడితే పంపాడు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆ లైను నేను చదివి వినిపిస్తే "నాకు ట్రైనింగులో చెప్పలేదు వదినా" అన్నాడు. అబద్ధమాడుతున్నట్టు అనిపించలేదు. వాడూ అప్పు చేసి మెషీన్ కొన్నాడు, దాని కంతులు కట్టడానికి బంధువుల ఇళ్ళు తిరుగుతున్నాడు. వాడి మీద కోపం రావడం లేదు, బాధగా ఉంది.

ఇంకో సాయం. మా ఇంట్లో బోరు నీళ్ళు, మున్సిపాలిటీ కుళాయి రెండూ ఉన్నాయి. ఏవి పరీక్ష చేయించాలి, ఏమేం చూడమని అడగాలి?

---

మహేంద్రతనయ, పర్లాకిమిడి:

రెండూ చేయించండి అమ్మా. శుభ్రమైన లీటరు సీసాలో పట్టి, మీ జిల్లాలో ప్రభుత్వ తాగునీటి పరీక్షా కేంద్రానికి ఇవ్వండి. క్రిముల పరీక్షకు మాత్రం వాళ్ళిచ్చే సీసాలోనే పట్టాలి, ఇంటి సీసా పనికిరాదు. టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మొత్తం), కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, క్రిములు అని చెప్పండి. టీడీఎస్ 500 లోపు ఉంటే మంచిది, ఫ్లోరైడ్ 1 లోపు, మరీ తప్పకపోతే 1.5, నైట్రేట్ 45 దాటకూడదు. ఆ కాగితం డాక్టరు గారికి చూపించండి. పీహెచ్ కూడా రాసి ఇస్తారు, 6.5, 8.5 మధ్య ఉంటే దాని గురించి ఇక ఆలోచించక్కర్లేదు.

మీ మరిదికి ఒక మాట చేరవేయండి. కొత్తవాళ్ళను చేర్పిస్తేనే డబ్బు వచ్చే పద్ధతిని 2021 నాటి డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు నిషేధించాయి. ఆయన కట్టిన డబ్బు గురించి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అడగవచ్చు.

---

కవిటి ఆడపడుచు, బరంపురం:

మూడు వారాలైంది, చెబుదామని వచ్చాను. కుళాయి నీళ్ళు అన్నిట్లోనూ హద్దులోనే ఉన్నాయి. బోరులో ఫ్లోరైడ్ 1.3, టీడీఎస్ 860. తాగడానికి, వంటకు కుళాయి నీళ్ళే కాచి వాడుతున్నాం, బోరు బట్టలకు, గిన్నెలకు. డాక్టరు గారికి కాగితం చూపిస్తే ఇలా తెచ్చినవాళ్ళు తక్కువని మెచ్చుకున్నారు. మాత్ర నాలుగు పూటలకు పెంచారు.

పొద్దున్నే లీటరుంపావు కొలిచి ఒక సీసాలో పోసి నాన్న మంచం పక్కన పెడుతున్నాను. టీ ఇస్తే అంత నీళ్ళు అందులోంచి తీసేస్తాను. కానీ ఈ బరంపురం ఉక్కలో మధ్యాహ్నం మూడింటికే సీసా ఖాళీ అవుతోంది. రాత్రి పది గంటలప్పుడు ఆ ఖాళీ సీసా వైపు చూస్తారు, అడగరు. అది చూడలేకపోతున్నాను. దాహం తట్టుకోవడానికి ఏదైనా ఉంటే చెప్పండి సిస్టర్.

---

జయపురం సిస్టర్:

సీసాలో నీళ్ళలోంచే కొంచెం తీసి ఐసు ముక్కలు చేయండి అక్కా. ఒక్కొక్కటి నోట్లో పెట్టుకుంటే గుక్కెడు నీళ్ళకంటే ఎక్కువసేపు ఆగుతుంది. మింగకుండా పుక్కిలించి ఉమ్మేయడానికి చల్లటి నీళ్ళు వేరే పెట్టండి, అవి లెక్కలోకి రావు. పెద్ద గ్లాసు తీసేసి చిన్న టీ గ్లాసు ఇవ్వండి. అన్నిటికంటే ముందు, రాత్రి భోజనంలో ఏం తింటున్నారో చూడండి. ఉప్పు వెళ్తే దాహం ఆగదు. మీది అప్పడాల ఇల్లు కదా, అన్నంలో అప్పడం పెడుతున్నారా? దాన్లో ఉప్పుతో పాటు సోడా కూడా ఉంటుంది, రెండిట్లోనూ సోడియమే.

---

కవిటి ఆడపడుచు, బరంపురం:

రోజూ రెండు పెడుతున్నాను సిస్టర్. ఆయనకు ఇష్టమని నేనే వేయించి పెడుతున్నాను. ఈ రాత్రి నుంచి ఆపేస్తాను.