చర్చ: పదేళ్ల పిల్లలకి ర్యాలీ డ్రైవింగ్... ముందు స్టీరింగా, పేస్ నోట్సా (పక్కనున్నోడు డ్రైవరుకి చదివి వినిపించే మలుపుల వివరాలు)?

ఎర్రమట్టి (విజయనగరం): స్టీరింగే. ఫిన్లాండ్ డ్రైవరు కల్లే రోవన్‌పెరా ఎనిమిదేళ్లకే కారు నడిపాడు, 2022లో 22 ఏళ్లకి ర్యాలీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కంచె వేసిన సొంత మెట్టభూమి, డ్రైవింగ్ స్కూల్ కారులా ఎడమపక్క కూడా బ్రేకు పెడల్ ఉన్న పాత కారు, పక్కన తెలిసిన పెద్దమనిషి ఉంటే చాలు. రెండో గేరు దాటనివ్వొద్దు.

జీడితోట (పలాస): ఆయన నాన్న హారి 2001లో స్వీడన్ ర్యాలీ గెలిచినోడు. మన ఇళ్లలో ఎంతమంది హారిలున్నారేటి? ముందు సైకిలు మీద నోట్సు నేర్పండి. తోట బాటలో మలుపులకి 1 నుంచి 6 అంకెలివ్వండి. 1 అంటే బాగా బిగువు, 6 అంటే దాదాపు తిన్నగా. “50, ఎడమ 3, రాళ్లు” (50 మీటర్ల తర్వాత ఎడమకి 3 అంకె మలుపు, అక్కడ రాళ్లు) అని ఒకరు చదవాలి, ఒకరు తొక్కాలి. మలుపులోకి దిగాక చదివితే దండగ, ముందే చెవిన పడాలి. బ్రేకు ఎక్కడ పట్టాలో దీంతోనే తెలుస్తుంది.

బెల్టుబకిల్: స్టీరింగ్ ఇచ్చేవాళ్లు సీటు సంగతి చూశారా? ముందు దారి కనపడదని కింద మెత్తటి దిండు వేస్తారు. గుద్దుకుంటే దిండు అణిగి, పిల్లాడు బెల్టు కిందికి జారతాడు, బెల్టు పొట్ట మీదికొస్తుంది. అది తుంటి ఎముక మీదే ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య 25 సెం.మీ. తగ్గకూడదు. అలా కూర్చుంటే పెడల్ అందకపోతే ఆ పిల్లాడికి ఇంకా టైం ఉన్నట్టే.

ఎర్రమట్టి: సీటు మాట ఒప్పుకుంటాను. నోట్సు మాత్రం కారు జారుడు నేర్పదు కదండీ. పిక్కరాళ్ల మీద ముందు చక్రాలు జారితే పిల్లలు ఇంకా తిప్పేస్తారు, కారు తిన్నగానే పోతుంది. యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకొస్తుంది. స్టీరింగ్ కాస్త వెనక్కి తిప్పితే టైరు మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఇది ఒంటికి తెలియాలి. హ్యాండ్‌బ్రేకు మలుపులు మాత్రం ఏడాది దాకా వద్దు, పిల్లలు అడిగేది మొదట అదే అయినా.

జీడితోట: సరే, ఎక్కడ తెలియాలి? భోగాపురం పక్క ఖాళీ వెంచర్ రోడ్లలోనా? జనానికి వచ్చిపోయే హక్కున్న చోటు ఏదైనా చట్టం లెక్కలో బహిరంగ స్థలమే. మోటారు వాహనాల చట్టంలోకి 2019 సవరణ తెచ్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు నేరం చేస్తే పెద్దలకి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. ర్యాలీలో స్టేజీకీ స్టేజీకీ (టైం లెక్కకట్టే, మూసేసిన దారి ముక్కలు) మధ్య మామూలు రోడ్డు మీదే నడపాలి. లైసెన్సు లేనోడు ఏ ర్యాలీకెళ్తాడు?

ఎర్రమట్టి: అందుకే కంచె అన్నాను, గేటుకి తాళం కూడా.