పాత డెవలపర్ టూల్స్ బతకాలంటే ఏటా చందా కట్టాల్సిందేనా?

బిల్డ్‌బాబాయ్:
మా క్లయింట్ దగ్గర డెల్ఫీ 7 అనే ప్రోగ్రామింగ్ టూల్‌లో రాసిన అప్లికేషన్ ఒకటి ఇంకా నడుస్తోంది. డెల్ఫీ 7 అంటే 2002 నాటిది. అందులో రిపోర్టులు ప్రింట్ చేసే కాంపోనెంట్‌ని (బయట కొనుక్కునే రెడీమేడ్ కోడ్ ముక్క) అప్పట్లో ఒకేసారి డబ్బు కట్టి కొన్నాం. ఇప్పుడు ఆ కంపెనీవాళ్లు ఏటా చందా కట్టమంటున్నారు. కొత్త ఫీచర్లేమీ రావు. కొత్త విండోస్ మీద ఆగిపోకుండా ప్యాచ్‌లు ఇస్తారట, అంతే. ఇది న్యాయమేనా? మీరైతే కడతారా?

సెమికోలన్:
పచ్చి దోపిడీ అండీ. కొనుక్కున్న దానికే మళ్లీ అద్దె కట్టించుకుంటున్నారు. 2015లో డెవలపర్ టూల్స్ అమ్మే జెట్‌బ్రెయిన్స్ చందా పద్ధతి ప్రకటిస్తే డెవలపర్లు ఎంత గొడవ చేశారో గుర్తులేదా? ఆ దెబ్బకే దిగొచ్చి, ఏడాది కట్టినవాళ్లు ఆ తర్వాత మానేసినా ఒక వెర్షన్ శాశ్వతంగా వాడుకోవచ్చన్నారు. అడగందే ఎవరూ ఇవ్వరు.

కంపైలర్_కాకా:
సెమికోలన్ గారూ, గొడవ చేయాలంటే అవతల పెద్ద కంపెనీ ఉండాలి. ఇలాంటి కాంపోనెంట్ల వెనక చాలాసార్లు ఒకరో ఇద్దరో ఉంటారు. కొత్తగా కొనేవాళ్లు లేరు, పాతవాళ్ల మెయిళ్లు మాత్రం ఆగవు. విండోస్ మారిన ప్రతిసారీ టెస్ట్ చేయాలి, పిక్సెల్స్ ఎక్కువుండే హై డీపీఐ స్క్రీన్ మీద అక్షరాలు మసకబారితే సరిచేయాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఓపెన్ సోర్స్‌కే తప్పలేదు. నెట్‌లో వెళ్లే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2కి 2019 చివరితో ఉచిత సపోర్ట్ అయిపోయింది, ఆ తర్వాతి ప్యాచ్‌లు డబ్బు కట్టినవాళ్లకే. వెబ్ యాప్‌లు కట్టడానికి వాడే యాంగులర్‌జేఎస్‌ని గూగుల్ 2021 చివర్లో వదిలేస్తే, హీరోడెవ్స్ అనే సంస్థ దానికి ప్యాచ్‌లు రాసి అమ్ముతోంది.

నల్లతెర:
ఇంత తలనొప్పి దేనికి? కొత్త డెల్ఫీకి మారిపోండి.

బిల్డ్‌బాబాయ్:
బ్రదర్, అంత తేలికైతే ఎప్పుడో మారేవాళ్లం. డెల్ఫీ 2009 నుంచి స్ట్రింగ్ (అక్షరాల వరుస) యూనికోడ్ (అన్ని భాషల లిపులకీ పనికొచ్చే పద్ధతి) అయింది. క్యారెక్టర్‌కి ఒక బైట్ ఉండేది కాస్తా రెండయింది. మా కోడ్‌లో సీరియల్ పోర్ట్ నుంచి వచ్చే డేటాని స్ట్రింగ్‌లోనే పెట్టి, దాని లెంగ్త్ చూసి మూవ్ అనే కమాండ్‌తో బఫర్‌లోకి (తాత్కాలిక మెమరీలోకి) కాపీ చేస్తారు. కొత్త కంపైలర్‌లో ఆ లైన్ ఎర్రర్ లేకుండా కంపైలవుతుంది, కానీ లెంగ్త్ చెప్పేది అక్షరాల లెక్క, మూవ్ చూసేది బైట్ల లెక్క కాబట్టి కాపీ అయ్యేది సగం బైట్లే. అలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పడానికి రాసినవాళ్లు ఇప్పుడు లేరు.

స్టాక్_ట్రేస్:
అందరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. నేనైతే చందా ఆపిన మర్నాడు ఏమవుతుందో చూస్తాను. ఒరాకిల్ 2019 జనవరి తర్వాత జావా 8కి కమర్షియల్ వాడకానికి ఉచిత అప్‌డేట్లు ఆపేసింది. 2023లోనైతే జావా వాడేది పదిమందే అయినా, మొత్తం ఉద్యోగుల లెక్కన కట్టాలనే పద్ధతి పెట్టింది. ఇష్టం లేనివాళ్లకి టెమురిన్, కొరెట్టో లాంటి ఉచిత జావాలు ఉన్నాయి, ఎందుకంటే జావా ఓపెన్ సోర్స్ రూపమైన ఓపెన్‌జేడీకే అందరిదీ. బాబాయ్ గారికి ఆ దారి లేదు. సోర్స్ కోడ్, లైసెన్స్ తనిఖీ చేసే సర్వర్ రెండూ వాళ్ల చేతిలోనే ఉంటే, రేపు వాళ్లు దుకాణం కట్టేసిన రోజున చందా కట్టినా మునిగేది మీరే. అడోబీ సీఎస్2 (ఫోటోషాప్ ఉన్న పాత ప్యాకేజీ) యాక్టివేషన్ సర్వర్ ఆపేసినప్పుడు, యాక్టివేషన్ అక్కర్లేని కాపీని సీరియల్ నంబర్‌తో సహా ఇచ్చింది. చిన్న కంపెనీల నుంచి ఆ మాత్రం కూడా ఆశించలేం.

నా మాట వింటే కట్టండి, కానీ చందా ఆపినా చివరి ప్యాచ్ మాదేననీ, కంపెనీ మూతపడితే సోర్స్ ఇస్తామనీ కాగితం మీద రాయించుకోండి. కుదరదంటే ఆ డబ్బుతో రిపోర్టుల భాగం ఒక్కటీ తిరగరాయించుకోవడం నయం.

సెమికోలన్:
మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నదీ అదే కదా!

కంపైలర్_కాకా:
సోర్స్ ఇమ్మంటే చందా రెట్టింపు చేస్తారు, చూస్తూ ఉండండి.

బిల్డ్‌బాబాయ్:
ఇప్పుడే చూశాను. ఆఫ్‌లైన్ యాక్టివేషన్ ఉందిగానీ, మెషీన్ మారినప్పుడల్లా మెయిల్ పెట్టి కొత్త కీ అడగాలట. అప్లికేషన్ తయారుచేసే బిల్డ్ మెషీన్‌ని వర్చువల్ మెషీన్‌గా (ఇంకో కంప్యూటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌గా) మార్చి దాచుకుంటే ఈ టెన్షన్ తప్పుతుందా?

స్టాక్_ట్రేస్:
కీ దేన్ని చూసి తయారవుతుందో దాన్నిబట్టి. మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డ్ నంబర్) అయితే వర్చువల్ మెషీన్‌లో మార్చకుండా ఉంచుకోవచ్చు. ముందు లైసెన్స్‌లో వర్చువల్ మెషీన్ కుదరదని రాశారేమో చదవండి.