బ్రయాన్ ఈనో ‘ఫిల్మ్ మ్యూజిక్ 1976–2020’: ఇది ఆల్బమా, ముక్కల మూటా?

నీలిమేఘం

బ్రిటిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో సినిమాలకూ టీవీకీ చేసిన సంగీతంలోంచి ఏరిన 17 ట్రాకులతో 2020 నవంబరులో ‘ఫిల్మ్ మ్యూజిక్ 1976–2020’ వచ్చింది. దీని గురించి మాట్లాడుకున్న ప్రతిసారీ ఒకే ప్రశ్న దగ్గర వాదన ఆగిపోతోంది. అందుకే ఇక్కడ పెడుతున్నాను: అంబియంట్ సంగీతానికి రెట్రోస్పెక్టివ్ సంకలనం, అంటే పాత పనిలోంచి ఏరి కూర్చిన ఆల్బమ్, అసలు పొసగుతుందా?

పాటలు పాడేవాళ్లకైతే పేచీ లేదు. ఏ పాటకు ఆ పాట పూర్తి, నాలుగు హిట్లు ఒకచోట చేరిస్తే నష్టమేమీ లేదు. ఈనో దారి వేరు. 1978లో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ తెస్తూ, దానికి ‘అంబియంట్’ అని పేరు పెట్టి, శ్రద్ధపెట్టి వినేవాళ్లకూ పట్టించుకోకుండా తమ పని చేసుకునేవాళ్లకూ కూడా పనికొచ్చే సంగీతం కావాలన్నాడు. అలాంటి సంగీతంలోంచి ‘ఆణిముత్యాలు’ ఏరడమేమిటని చాలామంది అంటారు.

నా మటుకు నాకు ఇది చాలా మంచి ఆల్బమ్. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు కాదనేవాళ్లు మాట్లాడండి.

టేపుచుట్ట

కాదనేవాళ్లలో నన్ను మొదట రాసుకోండి.

‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’లో ‘2/1’ అనే ట్రాక్ ఎలా తయారైందో చూడండి. గొంతులతో పాడించిన ఒక్కొక్క స్వరాన్ని టేపుకెక్కించి, ఒక్కో టేపునూ ఒక్కో పొడవులో లూప్ చేశారు, అంటే కొసలు కలిపి మళ్లీ మళ్లీ తిరిగేలా చేశారు. ఒకటి 23.5 సెకన్లకు తిరిగొస్తుంది, ఇంకొకటి దాదాపు 26 సెకన్లకు, మరొకటి దాదాపు 30 సెకన్లకు. ఈ పొడవులకు ఒకదానితో ఒకటి పొంతన లేదు కాబట్టి స్వరాలు ప్రతిసారీ కొత్త వరసలో తారసపడతాయి. ఒకసారి రెండు గొంతులు ఒకేసారి వచ్చి కలుస్తాయి. ఇంకోసారి ఒకటి వెళ్లిపోయాక రెండోది ఎంతకీ రాదు. మనం వింటున్నది ఆ కలవడాన్నీ కలవకపోవడాన్నీ. దాన్ని నాలుగు నిమిషాలకు కోసి చివర ఫేడౌట్ ఇస్తే మంచి శబ్దం మిగులుతుంది, రచన పోతుంది.

‘థర్స్‌డే ఆఫ్టర్‌నూన్’ (1985) ఇంకా గట్టి ఉదాహరణ. 61 నిమిషాలు, ఒకటే ట్రాక్. అప్పటికి సీడీ కొత్త. ఎల్పీ అయితే మధ్యలో లేచి రికార్డు తిప్పాలి, సీడీతో ఆ బాధ లేదు. గంటసేపు అడ్డు లేకుండా సాగాలని కొత్త సాధనాన్ని వాడుకున్న మనిషి సంగీతాన్ని మనం ‘ఎంపిక చేసిన భాగాలు’గా ఎందుకు వినాలి?

రీలు

టేపుచుట్ట గారూ, మీరు చెప్పిందంతా ఒప్పుకుంటాను. కానీ ఆ రెండూ ఈ ఆల్బమ్‌లో లేవు కదండీ!

ఇందులో ఉన్నది సినిమా సంగీతం. అది పుట్టడమే పొట్టిగా పుడుతుంది. దర్శకుడు ఇంత నిడివి సన్నివేశం అంటే సంగీతం అంతే ఉంటుంది. పైగా ఈనో చిన్న ముక్కలతో పనిచేయడం ఇప్పటి సంగతి కాదు. 1976లోనే ‘మ్యూజిక్ ఫర్ ఫిల్మ్స్’ పేరుతో 500 కాపీలు వేయించి సినిమా తీసేవాళ్లకు పంపించాడు, నచ్చినవి వాడుకుంటారని. 1978లో అదే పేరుతో అందరికీ విడుదలైన రికార్డులో 18 ట్రాకులున్నాయి. అవన్నీ చిన్నవే. అంటే అంబియంట్‌కు పేరు పెట్టిన ఏడాదే ఈ ముక్కల ఆల్బమ్ కూడా వచ్చింది. పొడవైనదే అసలైన ఈనో, పొట్టిదంతా నమూనా అనడం చరిత్రకు కుదరదు.

నీలిమేఘం

రీలు గారు సగం పని చేసిపెట్టారు. మిగతా సగం నేను చెబుతాను, ఎందుకంటే నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా విలువైనది ట్రాకుల వరస.

పేరులో ‘1976–2020’ అని ఉంటే ఎవరైనా 1976 నుంచి మొదలవుతుందనే అనుకుంటారు. ఇది ‘టాప్ బాయ్’ అనే బ్రిటిష్ టీవీ సీరియల్ థీమ్‌తో మొదలవుతుంది. ఆ సీరియల్ వచ్చింది 2011లో. 1976 నాటి ‘సెబాస్టియానే’ సినిమాకు చెందిన ‘ఫైనల్ సన్‌సెట్’ వినాలంటే పదహారో ట్రాక్ దాకా ఆగాలి. మధ్యలో ఒకచోట 1978 నాటి ‘జూబ్లీ’ సినిమాలోని ‘డోవర్ బీచ్’ అయిపోగానే 2018లో డిజైనర్ డీటర్ రామ్స్ మీద వచ్చిన డాక్యుమెంటరీ సంగీతం మొదలవుతుంది. నలభై ఏళ్ల దూరం! తేదీలు చూడకుండా వింటే ఆ దూరం తెలియదు.

కాలక్రమంలో పెట్టి ఉంటే మనం ఏం చేసేవాళ్లం? ఇక్కడ కొత్త సింథసైజర్ వచ్చింది, ఇక్కడ డిజిటల్ మొదలైంది అని ఎదుగుదల కోసం వెతికేవాళ్లం. చాలా రెట్రోస్పెక్టివ్‌లు చరిత్ర పుస్తకంలా తయారయ్యేది అందుకే. ఎలక్ట్రానిక్ సంగీతంలో ఈ జబ్బు మరీ ఎక్కువ, ఏ పరికరం ఎప్పుడు వాడారన్నదే ముఖ్యమైపోతుంది. ఈ వరస ఆ దారి మూసేసింది. ఒక మనిషి నాలుగు దశాబ్దాలుగా ఒకే రకం వెలుతురు కోసం వెతుకుతున్నాడని నాకు ఈ ఆల్బమ్ విన్నాకే తెలిసింది. అతని ఆల్బమ్‌లన్నీ విడివిడిగా విన్నా ఇది తట్టలేదు. సంకలనం చేయాల్సిన పని ఇదేనని నా అభిప్రాయం: విడివిడిగా విన్నప్పుడు వినపడని దాన్ని వినిపించడం.

టేపుచుట్ట

వరస బాగుందన్న మాట వింటున్నాను. మరి పదో ట్రాక్ సంగతేమిటి? ‘మ్యారీడ్ టు ద మాబ్’ (1988) సినిమా కోసం ఈనో స్వయంగా పాడిన ‘యు డోంట్ మిస్ యువర్ వాటర్’. అది పాత సోల్ పాట. తొమ్మిది ట్రాకులుగా మెల్లగా కట్టుకుంటూ వచ్చిన వాతావరణంలో హఠాత్తుగా గొంతు, మాటలు. వెంటనే ‘డీప్ బ్లూ డే’. ఇది వాతావరణం చెడగొట్టడం కాక మరేమిటి?

ఇంకో మాట. ‘డీప్ బ్లూ డే’ 1983లో వచ్చిన ‘అపోలో’ ఆల్బమ్‌లోది. చంద్రుడి మీదికి వెళ్లిన యాత్రల ఫుటేజీతో తీస్తున్న డాక్యుమెంటరీ కోసం చేసింది. వ్యోమగాములు వెంట తీసుకెళ్లిన క్యాసెట్లలో కంట్రీ పాటలు (అమెరికా పల్లె బాణీలు) ఎక్కువని తెలిసి, అందుకే ఆ ఆల్బమ్‌లో అంతరిక్షంలో తేలే కంట్రీ సంగీతం చేశారు. కంట్రీ పాటల్లో జారుతూ మోగే పెడల్ స్టీల్ గిటార్, డేనియల్ లన్వా వాయించింది, అక్కడికి అలా వచ్చింది. ‘అపోలో’లో చీకటి ట్రాకులు దాటుకుని ఇక్కడికి చేరితే ఒళ్లు తేలికవుతుంది. ఈ సంకలనంలో మాత్రం అది ‘ట్రెయిన్‌స్పాటింగ్’ (1996) సినిమా సంగీతంగా జాబితాలోకి ఎక్కింది. చంద్రుడు ఎటు పోయాడు?

రీలు

చంద్రుడు ఎటూ పోలేదండీ. ‘ట్రెయిన్‌స్పాటింగ్’లో ఆ సన్నివేశం గుర్తుందా? హీరో ఒక పరమ రోత మరుగుదొడ్డిలో మునిగి, అడుగున నీలంగా స్వచ్ఛంగా ఉన్న నీళ్లలో ఈదుతాడు. దర్శకుడు డానీ బాయిల్ అక్కడ పెట్టింది ఈ ట్రాకునే. బరువు లేకుండా తేలే మనిషి అక్కడా ఉన్నాడు. పదమూడేళ్ల తర్వాత ఇంకో దర్శకుడు అదే గుణాన్ని పట్టుకున్నాడు. సంగీతం ఒక చోటినుంచి ఇంకో చోటికి వెళ్లి బతకగలదని ఇంతకన్నా రుజువేం కావాలి?

పదో ట్రాక్ విషయంలో మాత్రం నేను మీ వైపే. ఆ పాట బాగుంటుంది కానీ అక్కడ నిలవదు.

అంతులేనిది

నాకు మొదటినుంచీ ‘పూర్తి రచన’ అన్న మాట దగ్గరే అనుమానం.

2017లో వచ్చిన ‘రిఫ్లెక్షన్’ సీడీ నిడివి 54 నిమిషాలు. దానితోపాటే ఒక యాప్ కూడా విడుదలైంది. యాప్‌లో ఆ సంగీతం ఎప్పటికప్పుడు తయారవుతూ అంతూ పొంతూ లేకుండా సాగుతుంది. మరి సీడీలో ఉన్నదేమిటి? అంతులేని దాంట్లోంచి కోసిన 54 నిమిషాల ముక్క. ఇంకా వెనక్కి వెళ్తే, 1975 నాటి ‘డిస్క్రీట్ మ్యూజిక్’ అరగంట ఉంటుంది, ఎందుకంటే ఎల్పీకి ఒక వైపు అంతకన్నా పట్టదు. రెండు టేపు రికార్డర్లతో నడిచే ఆ ఏర్పాటు మాత్రం వదిలేస్తే ఇంకా నడుస్తూనే ఉంటుంది.

కాబట్టి ఈనో రికార్డులు చాలావరకు ఎక్కడో ఒకచోట కోసినవే. 61 నిమిషాలు పవిత్రం, 4 నిమిషాలు అపచారం అని గీత గీయడానికి ఆధారం ఏమిటి?

టేపుచుట్ట

ఆధారం ఉంది. ఒక ఏర్పాటు తన పద్ధతి ఏమిటో వినేవాడికి తెలిసేంతసేపు నడవాలి. ‘డిస్క్రీట్ మ్యూజిక్’లో మొదటి కొన్ని నిమిషాలు రెండు చిన్న బాణీలు వింటున్నామనుకుంటాం. అవి ప్రతిధ్వనిగా తిరిగొచ్చి, పేరుకుని, కొత్త బాణీ వచ్చి దాని మీద పడేసరికి సమయం పడుతుంది. అరగంటలో అది తెలుస్తుంది, నాలుగు నిమిషాల్లో తెలియదు. కోసింది ఎవరన్నది కూడా నాకు ముఖ్యమే. చేసినవాడు నిడివి తేల్చుకోవడం వేరు, ఒక డిస్కులో ఇరవై పేర్లు పట్టాలని ఇంకెవరో కోయడం వేరు.

పాతకీబోర్డు

చర్చ ఈనో ఒక్కడి దగ్గరే తిరుగుతోంది, కాస్త పక్కలకు కూడా చూడండి. నా లెక్కలో కోయడం కంటే పెద్ద నేరం, పాతదాన్ని కొత్తగా ‘బాగుచేయడం’.

జర్మన్ ఎలక్ట్రానిక్ బృందం టాంజరిన్ డ్రీమ్ 1994లో తెచ్చిన ‘టాంజెంట్స్ 1973–1983’ ఐదు సీడీల సెట్. బృందం నాయకుడు ఎడ్గార్ ఫ్రోజే పాత ట్రాకుల్లో చాలావాటిని మళ్లీ మిక్స్ చేసి, పైన కొత్త వాయిద్యాలు చేర్చాడు. పేరులో 1973 అని ఉంటుంది, వినిపించేదాంట్లో 1994 కలిసి ఉంటుంది. 70ల నాటి ఆ సీక్వెన్సర్లు (స్వరాల వరసను తమంతట తామే మళ్లీ మళ్లీ వాయించే పరికరాలు) కొంచెం అటూ ఇటూ ఊగుతూ ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండేవి, ఆ గుణాన్ని కడిగేస్తే ఇంకేం మిగిలింది? మరో జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ కూడా పాత పాటలు మళ్లీ చేశారు, కానీ 1991లో ఆ రికార్డుకు ‘ద మిక్స్’ అని పేరు పెట్టారు. కొన్నవాడికి ఏం కొంటున్నాడో తెలుస్తుంది.

సంకలనమే దిక్కైన సందర్భాలూ ఉన్నాయి. పాలీన్ అన్నా స్ట్రోమ్ పేరు ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటూ, చూపు లేకపోయినా సింథసైజర్లతో ఒంటరిగా 1982–88 మధ్య ఆల్బమ్‌లు చేసింది. తర్వాత పరికరాలు అమ్మేసుకుంది. సంగీతం ఆగిపోయింది. 2017లో ఆ ఆల్బమ్‌లలోంచి ఏరి ‘ట్రాన్స్-మిలేనియా మ్యూజిక్’ అనే సంకలనం తెచ్చారు. దాని తర్వాతే ఆమె మళ్లీ వాయించడం మొదలుపెట్టింది. మూడు దశాబ్దాల తర్వాత చేసిన కొత్త ఆల్బమ్ 2021 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికి ఆమె లేదు, 2020 డిసెంబరులో కన్నుమూసింది. ముక్కలు కోయకూడదని అందరూ నియమం పెట్టుకుని కూర్చుంటే ఆ చివరి ఆల్బమ్ వచ్చేదా? నేను నమ్మను.

నీలిమేఘం

పాతకీబోర్డు గారూ, స్ట్రోమ్ సంగతి ఎత్తినందుకు చాలా సంతోషం. గ్రీకు సంగీతకారుడు వాంజెలిస్ సంకలనం ‘థీమ్స్’ (1989) కూడా ఈ వరసలోదే. అతను సంగీతం చేసిన సినిమా ‘బ్లేడ్ రన్నర్’ 1982లో వచ్చినా వాంజెలిస్ సొంత సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ 1994 దాకా రాలేదు. మధ్యలో ఆ సినిమా చివరి సంగీతాన్ని అతని సొంత రికార్డింగులో అందించింది ఈ సంకలనమే. ‘ఫిల్మ్ మ్యూజిక్’లోనూ అంతకుముందు రికార్డుగా రానివి కొన్ని ఉన్నాయి. వాటికి ఇదే మొదటి ఇల్లు.

అంతులేనిది

ఇంకో అభ్యంతరం నాదీ ఉంది, ఇది నిడివికి సంబంధించింది కాదు. ‘డీప్ బ్లూ డే’ రాసింది ముగ్గురు: బ్రయాన్ ఈనో, అతని తమ్ముడు రోజర్ ఈనో, డేనియల్ లన్వా. డేవిడ్ లించ్ ‘డ్యూన్’ (1984) కోసం చేసిన ‘ప్రొఫెసీ థీమ్’ వెనకా ఆ ముగ్గురే. రెట్రోస్పెక్టివ్ అట్ట మీద మాత్రం ఒక్క పేరే ఉంటుంది. అందరూ గదిలో కూర్చుని ఒకరి శబ్దాన్ని ఇంకొకరు మారుస్తూ చేసే సంగీతం ఇది. ‘ఒక మనిషి నలభై ఏళ్ల వెతుకులాట’ అని నీలిమేఘం గారు అన్నప్పుడు నాకు ఇబ్బందిగా అనిపించింది అందుకే. ఆ వెలుతురులో లన్వా గిటార్ వాటా ఎంత?

టేపుచుట్ట

ఇది నేను అడగాల్సిన ప్రశ్న, మీరు అడిగారు. సంకలనం ఉండాలా వద్దా అన్నది వదిలేసి, ఉంటే ఎలా ఉండాలో నా షరతులు చెబుతాను. కోసిన ట్రాక్ అయితే కోసినట్టు అట్ట మీదే రాయాలి, అసలు నిడివి ఎంతో పక్కన వేయాలి. పాతదాని మీద కొత్త వాయిద్యం చేరిస్తే ఏ సంవత్సరం చేర్చారో చెప్పాలి. కలిసి చేసినవాళ్ల పేర్లు ట్రాక్ పేరు పక్కనే ఉండాలి, లోపలి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో కాదు. ఈ మూడూ పాటించిన రెట్రోస్పెక్టివ్‌ను చివరిదాకా వింటాను. పదో ట్రాక్ దాటించి వింటాను.

నీలిమేఘం

మూడింటికీ నాకు అభ్యంతరం లేదు. పదో ట్రాక్‌కు మాత్రం ఉంది. గొంతు వచ్చి ఆ వాతావరణం తెగింది కాబట్టే ‘డీప్ బ్లూ డే’ అంత తేలిగ్గా పైకి లేస్తుంది. ఒకసారి తీసేసి, ఒకసారి ఉంచి, రెండు రకాలుగా విని వచ్చి చెప్పండి.