కింగ్‌స్నేక్ డబ్బా మీద ‘యూమా’ అని ఉంది, అది ఊరి పేరా, రంగు పేరా?

చాండ్లర్ నాన్న:
అందరికీ నమస్కారం. మేము అరిజోనాలో ఉంటాం. మా వాడికి 12 ఏళ్లు, రెండేళ్ల నుంచి పాము కావాలని పట్టుబడితే పోయిన నెల ఒక రెప్టైల్ షోలో కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ పిల్లను కొన్నాం. నల్లటి ఒళ్లు, దాని మీద తెల్లటి పట్టీలు. డబ్బా మీద ‘యూమా డెజర్ట్’ అని రాసి ఉంది. యూమా మా రాష్ట్రంలోనే ఒక ఊరు కదా, దీని తల్లిదండ్రులు అక్కడి నుంచి వచ్చినవేనా అని అడిగితే, అమ్మినాయన ‘ఈ రంగు ఉన్నవాటిని అలాగే పిలుస్తాం’ అన్నాడు. పక్క బల్ల మీద అచ్చం ఇలాంటి పిల్లకే ‘డెజర్ట్ కింగ్’ అని చీటీ అంటించారు. ఇంటికొచ్చి చదివితే డెజర్ట్ కింగ్‌స్నేక్ అసలు వేరే పామని, దానికి ముదురు వీపు మీద పసుపు చుక్కలుంటాయని తెలిసింది. పాత పుస్తకంలో మా పాము శాస్త్రీయ నామం గెటులా, కొత్తదాంట్లో కాలిఫోర్నియే.

మా వాడు పాము కోసం ఒక నోట్‌బుక్ పెట్టాడు, మేత, బరువు, కుబుసం అన్నీ రాస్తున్నాడు. ‘ఎక్కడిది’ అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది. ఏం రాయమంటారు? ఇంకొకటి, మా అత్తగారు వచ్చే నెల వస్తున్నారు, ఫొటో చూసి కట్లపామని టెన్షన్ పడుతున్నారు.

శాన్‌డియాగో రావు:
ముందు అత్తయ్యగారి సంగతి. కట్లపాముకి సన్నటి తెల్లగీతలు, చాలాసార్లు జంటలు జంటలుగా ఉంటాయి. దీని పట్టీలు వెడల్పు, పైగా దీనికి విషమే లేదు. ఇది ర్యాటిల్‌స్నేక్‌లను కూడా తింటుందనీ, వాటి విషం దీని మీద పెద్దగా పనిచేయదనీ చెప్పండి. మన రాచనాగులాగే ఇదీ పాముల్ని తినే పాము, కానీ రెండిటికీ చుట్టరికం లేదు. పాముల్ని తింటుంది కాబట్టి రెండో కింగ్‌స్నేక్ కొన్నా ఒకే డబ్బాలో పెట్టకండి.

ఇక యూమా. అది ఉత్త ఊహ పేరు కాదండీ. 1919లో బ్లాంచర్డ్ అనే శాస్త్రవేత్త ఆ వైపు పాములకు యుమెన్సిస్ అని ఉపజాతి పేరు పెట్టాడు. తెల్ల పట్టీలో ఒక్కో పొలుసు మొదట్లో ముదురు రంగు ఉండటం దాని గుర్తు. తర్వాత దాన్ని కాలిఫోర్నియా పాములోనే కలిపేశారు, ఎందుకంటే ఫలానా చోట ఇది ఆగి అది మొదలవుతుందని గీత గీయడం కుదరలేదు. శాస్త్రంలోంచి పోయినా పెంచేవాళ్ల నోట్లో ఆ పేరు మిగిలిపోయింది. గెటులా, కాలిఫోర్నియే తేడా కూడా ఇలాంటిదే. అంతకుముందు అన్నీ గెటులా కింద ఉపజాతులు, 2009లో పైరన్, బర్‌బ్రింక్ ఇద్దరూ జన్యువులు చూసి వాటిని ఐదు జాతులుగా విడగొట్టారు. అందులో మీది కాలిఫోర్నియే, పసుపు చుక్కలది స్ప్లెండిడా. మీ రాష్ట్రం ఆగ్నేయ మూలలో ఈ రెండూ కలిసిపోయి మధ్యరకం పాములు కనిపిస్తాయి కాబట్టి, అక్కడ జాతి పేరు చెప్పడానికి కూడా తడుముకోవాలి.

రంగు చూసి రకం తేల్చకూడదని మా ఊరి కథే చెబుతుంది. ఇక్కడ సముద్రం వైపు పాముల్లో కొన్నిటికి అడ్డపట్టీల బదులు వీపు పొడవునా ఒకటే చార ఉంటుంది. ఒకప్పుడు వీటిని రెండు వేరువేరు జాతులనే అనుకున్నారు. లారెన్స్ క్లాబర్ అని వృత్తికి ఎలక్ట్రికల్ ఇంజనీరు, పాముల మీద ప్రాణం. ఆయన గుడ్లు పొదిగించి చూస్తే ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి చార పిల్లలూ పట్టీల పిల్లలూ వచ్చాయి, 1936లో ఆ సంగతి అచ్చువేశాడు. ఇది చదివినప్పుడు నాకు మా గుంటూరు వైపు నల్లత్రాచు, గోధుమత్రాచు గుర్తొచ్చాయి. రెండూ నాగుపామే, కానీ అవి వేరే రకాలని మా తాతయ్య గట్టిగా వాదించేవాడు.

ఆస్టిన్ అన్నయ్య:
రావుగారు చెప్పింది మా టెక్సస్‌లో కూడా జరిగింది. ఇక్కడ బూడిదరంగు పట్టీల కింగ్‌స్నేక్ ఉంటుంది, ఆల్టెర్నా. వెడల్పాటి నారింజ మచ్చలున్న వాటికి 1950లో బ్లెయిరీ అని వేరే జాతి పేరు పెట్టారు, తీరా చూస్తే రెండు రూపాలూ ఒకే కాన్పులో వస్తాయి. ఇప్పటికీ మేం ‘బ్లెయిర్స్’ అంటాం, అది రూపం పేరు, అంతే.

చోటు పేరు మాత్రం వేరే సంగతి. ఈ పాముల్ని రాత్రిపూట పశ్చిమ టెక్సస్ రోడ్ల పక్కన, రోడ్డు కోసం తొలిచిన రాతి గోడల్లో వెతుకుతారు. అందుకని ‘రివర్ రోడ్’, ‘లాంగ్‌ట్రీ’, ‘జూనో రోడ్’ అని దొరికిన రోడ్డు పేరో ఊరి పేరో పెడతారు. దీన్ని లొకాలిటీ అంటాం. రివర్ రోడ్ అని రాసి ఉంటే దాని పూర్వీకులు రెండువైపులా ఆ రోడ్డు మీదవే అని నేను నమ్మాలి. నేనొకసారి ఇలాంటి జత కొన్నాను, చీటీ మీద రోడ్డు పేరుంది, మగదాని వివరం అడిగితే ఇచ్చినవాళ్ల దగ్గర సమాధానం లేదు. వాటి పిల్లల్ని ఆ పేరుతో ఎవరికీ ఇవ్వలేదు, ఉత్త ఆల్టెర్నా అని రాసే ఇచ్చాను, డబ్బు తక్కువే వచ్చింది. చోటు పేరు ఒక్క తరంలో తెగితే మళ్లీ అతికించలేం. పాముని చూసి ఆ పేరు తిరిగి రాబట్టే దారి లేదు. అందుకే నాకు ఈ విషయంలో పట్టుదల ఎక్కువ.

టాంపా నుంచి:
రంగు పేర్లని మరీ కొట్టిపారేయకండి. మా ఫ్లోరిడా దక్షిణాన లేత పసుపు కింగ్‌స్నేక్‌కి బార్బర్ 1919లోనే బ్రూక్సీ అని పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని ఫ్లోరిడా కింగ్‌లోనే కలిపినా, ‘బ్రూక్సీ’ అంటే ఎలాంటి పామో ఇక్కడ అందరికీ తెలుస్తుంది. నాకది పనికొచ్చే మాటే. ఇబ్బంది ఎక్కడంటే పిల్లల్ని చూసి పేరు పెట్టడంలో. బ్రూక్సీ పిల్లలు పుట్టినప్పుడు ముదురు రంగులో, పట్టీల మధ్య ఎర్ర ఛాయతో ఉంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ లేతబడతాయి. మెక్సికన్ బ్లాక్ అనే కింగ్‌స్నేక్ దీనికి తలకిందులు, పిల్లప్పుడు సన్నటి మచ్చలుండి పెద్దయ్యాక నిగనిగలాడే నలుపు అవుతుంది. కాబట్టి ఏటా ఒకసారి ఒకే వెలుతురులో ఫొటో తీసి నోట్‌బుక్‌లో అంటించమనండి. మీవాడు ‘యూమా రంగు’ అని రాసుకున్నా నాకు తప్పు కనపడదు.

ఆస్టిన్ అన్నయ్య:
అక్కడే నాకు అభ్యంతరం. ఈ ఏడు ‘యూమా రంగు’ అని రాస్తాడు, రేపు దాని పిల్లల్ని ఎవరికో ఇస్తే ‘రంగు’ అన్న మాట రాలిపోయి ‘యూమా’ మిగులుతుంది. నా జతకి జరిగింది ఇదే అయ్యుంటుంది. రంగు రాయాలంటే ‘నలుపు, తెలుపు పట్టీలు’ అని రాయండి, ఊరి పేరు వద్దు.

శాన్‌డియాగో రావు:
అన్నయ్యగారి మాటే నాదీ. ఇంకొక్కటి, ఎప్పుడైనా పెంచలేమనిపిస్తే ఇది అరిజోనా పామే కదా అని బయట వదలొద్దండీ. ఎక్కడిదో తెలియని పాముని వదిలితే అక్కడి పాములతో కలిసిపోతుంది, రోగాలు కూడా అంటిస్తుంది. స్పెయిన్‌వాళ్ల గ్రాన్ కనేరియా దీవిలో జనం పెంచుకున్న కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లు బయటపడి స్థిరపడ్డాయి, చార రకం, తెల్లబారిన ఆల్బినో రకం కూడా. అక్కడి పెద్ద బల్లులు ఆ పాములున్న చోట్ల దాదాపు కనిపించకుండా పోయాయి.

చాండ్లర్ నాన్న:
అందరికీ చాలా థ్యాంక్స్. మీ జవాబులన్నీ మావాడికి చదివి వినిపించాను. వాడు రాసింది ఇది: ‘లాంప్రోపెల్టిస్ కాలిఫోర్నియే. నలుపు, తెలుపు పట్టీలు. షోలో కొన్నాం. తల్లిదండ్రులు ఎక్కడివో తెలియదు. డబ్బా మీద యూమా డెజర్ట్ అని ఉంది, ఎందుకో చెప్పలేదు.’ తర్వాత భూతద్దం పెట్టి తెల్ల పట్టీల్లో పొలుసులు చూశాడు, మొదట్లో కొద్దిగా గోధుమరంగు ఉందట, అది కూడా తేదీ వేసి రాశాడు. అత్తగారితో వీడియో కాల్‌లో మాట్లాడాం, వచ్చాక గది తలుపు మాత్రం వేసే ఉంచమన్నారు, సరేనన్నాం.