దిగబాకు: మాను మీద తల కిందికి పెట్టి నడిచే పిట్టకు తగిన క్రియ

నట్‌హాచ్ పిట్ట మీద వ్యాసం రాస్తున్న మిత్రులు, అది చెట్టు దిగే తీరును ‘తలకిందులుగా దిగుతుంది’ అనవచ్చునా అని అడిగారు. అనవచ్చును గాని, ఆ మాట పిట్ట చేసే పనిని సగమే చెబుతుందని నా అభిప్రాయం. తలకిందులు అనగానే మనకు తారుమారైన లెక్కలో, వేలాడే గబ్బిలమో తలపుకు వస్తాయి; ఈ పిట్టకు అది పొద్దస్తమానం నడిచే మామూలు నడక.

తూర్పు కనుమల్లో అరకు, అనంతగిరి ప్రాంతపు అడవుల్లో కనిపించే వెల్వెట్ ఫ్రంటెడ్ నట్‌హాచ్‌నే తీసుకుందాం. 1820లో ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త స్వైన్సన్ దీనికి సిట్టా ఫ్రంటాలిస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. వీపు ఊదా కలిసిన నీలం, ముక్కు ఎరుపు, నుదుట నల్లని మచ్చ. మగదానికి ఆ నలుపు కంటి మీదుగా వెనక్కి సన్నని గీతగా సాగుతుంది, ఆడదానికి ఆ గీత ఉండదు.

వడ్రంగిపిట్ట బిరుసైన తోకను మానుకు ఆనించి, తల పైకే ఉంచి ఎక్కుతుంది. నట్‌హాచ్ తోక పొట్టిది, ఊతకు పనికిరాదు, కాబట్టి భారమంతా కాళ్ల మీదే పడుతుంది. మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి ఉండే ఆ పాదాల్లో ఒకదాన్ని పైన, మరొకదాన్ని కింద పెట్టి, పై పాదపు వెనుక వేలి బలమైన గోటిని బెరడులో దించి, దాని పట్టు మీద ఒళ్లు నిలుపుకొని కింది పాదం ముందుకు వేస్తుంది. పైకి పోయే పిట్టల కంటబడని బెరడు సందుల్లోని పురుగులు, సాలీళ్లు పైనుంచి వచ్చే ఈ పిట్టకు దొరుకుతాయని పక్షి పరిశీలకులు చెబుతారు.

ఇంత పట్టుతో సాగే నడకను ‘దిగజారు’ అనలేము. అందులో పట్టు తప్పడం ఉంది, పైగా ఆ మాట ఇప్పుడు ఎక్కువగా మనుషుల నడవడికకు, పరిస్థితులకు అంకితమైపోయింది. ‘దిగు’ అంటే మెట్లు దిగినా, బస్సు దిగినా ఒకటే. ‘పాకు’ దగ్గరి మాటే గాని దిక్కు చెప్పదు. పైకి పాకడానికి మనకు ‘ఎగబాకు’ ఉన్నది. ఎగ, ప్రాకు కలిసి ఎగబ్రాకు అయి, వాడుకలో రకారం జారి స్థిరపడిన మాట అది. ఎగువకు దిగువ జంటగా ఉన్న భాషలో ఎగబాకుకు జంటగా ‘దిగబాకు’ అంటే ఎవరూ నిఘంటువు తెరవనక్కరలేదు. ‘పిట్ట కొమ్మ నుంచి మాను మీదికి వచ్చి, తల కిందికి పెట్టి దిగబాకింది’ అని రాసి చూడండి. కదలికా, దిక్కూ, పట్టూ మూడూ వస్తాయి.

ఇక నట్‌హాచ్‌కు తెలుగులో ‘చిన్న వడ్రంగిపిట్ట’ అన్న పేరును సూచించిన వారితో ఏకీభవించలేను. వడ్రంగి పని చేసేది వేరొక పిట్ట. ఇది చాలాసార్లు ఆ పిట్టలు తొలిచి వదిలిన తొర్రల్లోనే, కావలసివస్తే కాస్త పెద్దవి చేసుకొని, నాచు, వెంట్రుకలు, ఈకలు పరిచి గుడ్లు పెడుతుంది. నట్‌హాచ్ అన్న ఇంగ్లీషు పేరుకు ‘కాయలు పగలగొట్టే పిట్ట’ అన్న అనువాదమూ దీనికి అతకదు. గింజను బెరడు సందులో ఇరికించి ముక్కుతో పొడిచే ఐరోపా జాతిని చూసి పెట్టిన పేరు అది. మన పిట్ట తిండి ముఖ్యంగా పురుగులే. వ్యాసంలో నట్‌హాచ్ అనే ఉంచి, క్రియను మాత్రం తెలుగులో దిద్దుకోవడం మంచిదని నా సూచన.