రూపాయి పడిందంటే దేశం బలహీనపడినట్టేనా? రిజర్వ్ బ్యాంకు ఆపాలా, వదిలేయాలా?

డాలస్ నాన్న

మా అబ్బాయి డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. లోను శాంక్షన్ అయినప్పుడు డాలరు 83. 15,000 డాలర్ల ఫీజుకు 12.45 లక్షలని లెక్క వేసుకున్నాం. డాలరు 90 అయితే అదే ఫీజు 13.5 లక్షలు. పైగా టీవీలో చూపించే రేటుకు బ్యాంకు డాలర్లు ఇవ్వదు. తన మార్జిన్ కలిపిన టీటీ సెల్లింగ్ రేటు (బయటికి డబ్బు పంపేవాళ్ళకు బ్యాంకు డాలర్లు అమ్మే రేటు) వేస్తుంది, దాని మీద జీఎస్టీ. లోను మాత్రం రూపాయల్లోనే కాబట్టి తేడా మేమే సర్దుకోవాలి.

2025 డిసెంబరు మొదటి వారంలో డాలరు 90 దాటింది. అప్పుడు మన వృద్ధి రేటు 8 శాతం పైన, ధరల పెరుగుదల ఒక శాతం లోపు. అన్నీ బాగుంటే రూపాయి ఎందుకు పడింది? అన్ని వేల కోట్ల డాలర్ల నిల్వలు పెట్టుకుని రిజర్వ్ బ్యాంకు ఎందుకు ఆపలేదు?

కృష్ణాతీరం

కరెన్సీ అంటే దేశం పరువండీ. 1947లో డాలరుకు ఒక్క రూపాయి. 2025 డిసెంబరుకు 90. బలమైన దేశాల కరెన్సీ ఇలా పడదు. ఆపగలిగి కూడా ఆపకపోవడం తప్పు.

పాత ఫారెక్స్ డెస్క్

కృష్ణాతీరం గారూ, డాలరుకు ఒక రూపాయి అన్నది వాట్సాప్‌లో తిరిగే మాట. నిజం కాదు. అప్పుడు రూపాయి బ్రిటన్ కరెన్సీ పౌనుకు కట్టేసి ఉండేది. పౌనుకు 13 రూపాయల చిల్లర, ఆ పౌనుకు నాలుగు డాలర్లు. అంటే డాలరు సుమారు 3 రూపాయల 30 పైసలు. 1949లో పౌనుతో పాటు మనమూ తగ్గించుకుంటే 4.76 అయింది. 1966 జూన్‌లో ఇందిరా గాంధీ ప్రభుత్వం 7.50 చేసింది. ఇవన్నీ ప్రభుత్వం నిర్ణయించిన రేట్లు. 1993 మార్చి నుంచి రేటు మార్కెట్లోనే తేలుతోంది.

బలమైన దేశం అన్నారు కాబట్టి జపాన్‌నే చూడండి. 2021 మొదట్లో డాలరుకు 103 యెన్‌లు. 2024 జులైలో 160 దాటింది. నిల్వలు లక్ష కోట్ల డాలర్లకు పైనే ఉన్న దేశం అది! అమెరికాలో వడ్డీ 5 శాతం దాటింది, జపాన్‌లో సున్నా దగ్గరే ఉండిపోయింది. యెన్‌లలో అప్పు తెచ్చి డాలర్లలో పెట్టుకుంటే లాభం. అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు, యెన్ పడింది.

డాలస్ నాన్న గారూ, వృద్ధి రేటు దానంతట అది డాలర్లు తెచ్చిపెట్టదు. ఆ వారం డాలర్లు కొనేవాళ్ళెందరు, అమ్మేవాళ్ళెందరు అన్నదే రేటు. 2025లో విదేశీ మదుపరులు మన షేర్లు అమ్మి డాలర్లు పట్టుకెళ్ళారు. ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. ఇలాంటప్పుడు దిగుమతిదారు రేపు ఇంకా పెరుగుతుందేమోనన్న టెన్షన్‌తో వచ్చే నెల డాలర్లు ఇవాళే కొంటాడు. ఎగుమతిదారు వచ్చిన డాలర్లు మార్చకుండా ఆగుతాడు. డాలర్లు కొని అమ్మే ఫారెక్స్ డెస్క్ మీద నేను ఎక్కువగా చూసింది ఇదే. పడుతుందన్న నమ్మకమే రేటును ఇంకాస్త పడేస్తుంది. ఆ ఏడాది డాలరు యూరో ముందు కూడా తగ్గింది కాబట్టి, 'డాలరు బలపడింది, మనమేం చేస్తాం' అనే మాట ఇక్కడ చెల్లదు.

దీర్ఘకాలం లెక్క వేరు. 1993లో 31, 2025 డిసెంబరులో 90. ఏడాదికి సగటున 3 శాతం పైచిలుకు. ఇన్నేళ్ళూ మన ధరలు అమెరికా ధరలకన్నా వేగంగా పెరుగుతూ వచ్చాయి. ఆ మేరకు రూపాయి తగ్గడం పరువు తక్కువ కాదు.

ఉండి ఆక్వా

భీమవరం పక్కన రొయ్యల చెరువులు చేస్తాను. రూపాయి పడితే ఎగుమతులకు మంచిదని పేపర్లో రాస్తారు. డాలరు పెరిగిన లెక్కన 100 కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్యలు) ధర పెరగడం నేనైతే చూడలేదు. 'మీ రూపాయి పడింది కదా, రేటు తగ్గించు' అని అక్కడ కొనేవాడు బేరం పెడతాడని ప్లాంటు వాళ్ళు చెప్తారు. మేం పెంచే వనామీ రకానికి తల్లి రొయ్యలు విదేశాల నుంచే రావాలి, వాటికి డాలర్లు. కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరేటర్లకు డీజిల్. ఖర్చు వెంటనే పెరుగుతుంది. ఆదాయం పెరుగుతుందో లేదో తెలియదు.

కృష్ణాతీరం

ఇదే నేను చెప్పేది. ముడిచమురు 85 శాతానికి పైగా బయట కొనే దేశం మనది. వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2013లో మే నెలలో అమెరికా ఫెడ్ ఛైర్మన్ బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్ళు తగ్గించే మాట ఎత్తితే, 55 దగ్గరున్న డాలరు ఆగస్టు 28కి 68 దాటింది. మూడు నెలల్లో మన ధరలు అంత పెరిగాయా? అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ దువ్వూరి సుబ్బారావు గారు బ్యాంకుల అత్యవసర అప్పు మీద వడ్డీ 10.25 శాతం చేశారు. కేంద్రం బంగారం సుంకం 10 శాతం చేసింది. ఆయన తర్వాత గవర్నర్‌గా రఘురామ్ రాజన్ వచ్చాక ఎన్నారై డిపాజిట్ల పథకంలోనే 2,600 కోట్ల డాలర్ల దాకా వచ్చాయి. రూపాయి నిలబడింది. ఆపాలనుకుంటే ఆపొచ్చు.

పాత ఫారెక్స్ డెస్క్

నిలబడింది, కానీ మళ్ళీ 55కు రాలేదు కదండీ. కరెంట్ ఖాతా లోటు, అంటే దిగుమతుల వంటి వాటికి పోయే డాలర్లు ఎగుమతుల వంటి వాటితో వచ్చేవాటికన్నా ఎంత ఎక్కువో ఆ తేడా, జీడీపీలో 4.8 శాతం నుంచి మరుసటి ఏడాది 1.7కు దిగింది. డాలర్ల అవసరం తగ్గింది కాబట్టే ఊపిరి ఆడింది. ఒక్కసారిగా జారిపోతుంటే రిజర్వ్ బ్యాంకు దిగాలి, అందులో మీతో పేచీ లేదు. ఒక అంకె పట్టుకుని కూర్చోకూడదన్నదే నా వాదన. నిల్వలు అడుగంటితే ఏమవుతుందో 1991లో చూశాం. దాదాపు 47 టన్నుల బంగారం తాకట్టు పెడితే సుమారు 40 కోట్ల డాలర్లు వచ్చాయి. అదే జులై 1న, 3న పి.వి. ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించక తప్పలేదు.

1997 ఆగస్టులో గోవాలో వై.వి. రెడ్డి గారు, అప్పటికి డిప్యూటీ గవర్నర్, రూపాయి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ విలువలో ఉందనే అర్థం వచ్చేలా మాట్లాడారు. రూపాయి తగ్గింది. పరువు పోయిందని అప్పుడూ గోల చేశారు. సంక్షోభం వచ్చి మెడ మీద కూర్చోకముందే కొంచెం తగ్గనివ్వడం మంచి పని అని నేను ఇప్పటికీ అంటాను. 2023 అంతా రూపాయి దాదాపు 82, 83 మధ్యే తిరిగింది. అంత నిలకడ చూస్తే ఎవరికైనా హెడ్జింగ్ (రేటు మారినా నష్టం రాకుండా ముందే చేసుకునే ఏర్పాటు) ఖర్చు దండగే అనిపిస్తుంది. తర్వాత కదిలినప్పుడు దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఉండి ఆక్వా

హెడ్జింగ్ ప్లాంటు వాళ్ళు చేసుకుంటారు సార్, ముందు తేదీకి డాలరు రేటు ఇప్పుడే ఖాయం చేసుకునే ఫార్వర్డ్ కాంట్రాక్టు రాసుకుంటారు. చెరువు గట్టు మీద రైతుకు అలాంటిది ఏముంది? కౌంట్ ధర డాలరుతో పాటు కదిలేలా ముందే ఒప్పందం రాసుకునే వీలుంటే చెప్పండి. అది లేనంతకాలం నేను కృష్ణాతీరం గారి వైపే.